మా ఇంటి వైఫైకి నేనే ముప్పు

మా ఇంటి వైఫైకి అందరికన్నా పెద్ద ముప్పు నేనేనని మండలి వారు లిఖితపూర్వకంగా తేల్చారు. నాకు నలభై ఆరేళ్ళు. ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను ఇంత మాట అనలేదు, మా అత్తగారితో సహా.

మొదటి నుంచి చెబుతాను. నా పేరు సత్యవేణి. మావారు సూర్యప్రకాశం గారు హైస్కూల్లో సీనియర్ అసిస్టెంటు. పెళ్ళినాటికి నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. "పెళ్ళయ్యాక చదువుకుంటుందిలెండి" అని రెండు వైపుల పెద్దలూ ఒకరికొకరు హామీ ఇచ్చుకున్నారు. ఆ హామీ సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు. మా అమ్మాయి కాలేజీలో చేరాక, ఇంక నన్నెవరాపుతారో చూద్దామని దూరవిద్యలో బీయే కట్టాను, ప్రభుత్వ పాలనా శాస్త్రం. వంటింటి గట్టు మీద పుస్తకం తెరిచి పెట్టుకుని చదివాను. ఎన్నిసార్లు పప్పు మాడిందో ఆ దేవుడికెరుక, పేపర్లు మాత్రం అన్నీ ప్యాసయ్యాయి.

ఇంక మిగిలింది ఒక్క మౌఖిక పరీక్ష. శుక్రవారం పదకొండింటికి, వీడియో కాల్లో. ఆరేళ్ళలో పూర్తి చేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దంటారు, ఆ ఆరో ఏడు ఈ నెలాఖరుతో సరి. అంటే శుక్రవారం నేను ఆ కాల్లో కనబడకపోతే ఆరేళ్ళ చదువూ గోదాట్లో కలిసినట్టే. పైగా విశ్వవిద్యాలయం వారు ముందే రాసేశారు: మొబైల్ డేటా మీద చేస్తే ఒప్పుకోరట, వైఫై తప్పనిసరట. ఎలాగూ మా వీధిలో సెల్ సిగ్నల్ రాదు. డాబా ఎక్కి వాటర్ ట్యాంకు మీద కూర్చుంటే ఒక గీత కనబడుతుంది, దిగితే అదీ పోతుంది. కాబట్టి మా వీధికి వైఫైయే దిక్కు.

మా వీధిలో వైఫై పాస్‌వర్డ్ అంటే పెరుగు తోడు లాంటిది. అడిగినవాళ్ళకి లేదనకూడదు. మా ఇంట్లో ఫ్యూజు పోతే నేను పక్కింటి నూకరత్నం వాళ్ళది వాడతాను, వాళ్ళ పెట్టె పాడైతే వాళ్ళు మాది వాడతారు. ఇన్నాళ్ళూ ఎవరి కొంపా మునగలేదు.

ఆదివారం పొద్దున్న మావారు పేపరుతో పాటు ఒక కరపత్రం పట్టుకొచ్చారు. సర్క్యులరు చూస్తే ఆయన ముఖం పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు. నిలబడే చదివారు.

"'ఇందుమూలముగా సమస్త గృహస్థులకు తెలియజేయునది ఏమనగా, సంకేతపదములు బయటికి పొక్కిన సందర్భములలో నూటికి తొంభై ఏడు ఇంటివారి నోటి ద్వారానే పొక్కినట్లు మా అధ్యయనములో తేలినది. కావున అనధికార వినియోగమును అరికట్టుటకు ఏకైక మార్గము, ఇంటివారికి సంకేతపదము తెలియకుండుటయే. ఇట్లు, గృహ నిస్తంత్రీ జాల సంరక్షణ మండలి.' చూశావా సత్యా, ఎంత పకడ్బందీగా రాశారో!"

"మన పాస్‌వర్డ్ మనకి తెలియకపోతే ఎలాగండీ?"

"తెలిస్తేనే కదా చెప్పేది? అదే పాయింటు."

నేను ఇడ్లీ పిండి గరిటతో కలుపుతూ, ఏదో కాగితం ముక్క, పోతుందిలే అనుకున్నాను. నాకు బుద్ధి లేదు. ఆరేళ్ళు పాలనా శాస్త్రం చదివి కూడా కాగితాన్ని తక్కువ అంచనా వేశాను.

సోమవారం తొమ్మిదింటికల్లా మండలి వ్యాను వచ్చి గుమ్మం ముందాగింది. వ్యాను మీద పెద్దక్షరాలతో 'తెలియనివాడు చెప్పలేడు' అని రాసుంది. అది వాళ్ళ నినాదమట. అందులోంచి క్షేత్ర పరిశీలకుడు దిగాడు, పేరు జోగినాథం. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను. వస్తూనే మా ప్రహరీ చుట్టూ ఫోను ముందుకు చాపి ప్రదక్షిణం చేశాడు.

"తరంగం ప్రహరీ దాటి మురిక్కాలవ దాకా సంచరిస్తోందమ్మా" అన్నాడు, నేనేదో ఆవుని వదిలేసినట్టు.

"గాలిలో వెళ్ళేది కదండీ, గేటు దగ్గర ఆగమంటే ఆగుతుందా?"

"ఆగాలమ్మా. ఎనిమిదో నియమం."

ఆగడానికి ఆయనే ఉపాయం చెప్పాడు. వైఫై పెట్టెని తీసుకెళ్ళి మా స్టీలు బియ్యం డ్రమ్ములో పెట్టించి మూత వేయించాడు. మావారు మూత మీద రుబ్బురోలు పొత్రం కూడా పెడతానన్నారు. అంత అవసరం లేదన్నాడు జోగినాథం, నియమాల్లో పొత్రం ప్రస్తావన లేదట.

తర్వాత వాంగ్మూలం.

"సంకేతపదం ఎవరెవరికి తెలియపరిచారు?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "పక్కింటి నూకరత్నానికి. పాలాయనకి. గ్యాసు బండ తెచ్చే ఆయనకి. మా ఆడపడుచుకి, ఆవిడ తోటికోడలికి. మొన్న వ్రతం చేయించిన పంతులు గారికి. ఆయన కథ ఫోన్లో చూసి చదువుతారండి, నాలుగో అధ్యాయంలో ఆగిపోతే ప్రసాదం ఎలా తీసుకుంటాం? ఆయన మా ఎదురింటాయనకి చెప్పుంటారు, అక్కడా వ్రతమేగా."

జోగినాథం పేజీ నిండిపోయింది. రెండో పేజీ తిప్పి, మూడోది కూడా సగం రాసి, కలం మూసి నా వైపు కొంచెం భయంగానే చూశాడు.

"మండలి పరిభాషలో మిమ్మల్ని మూల ముప్పు అంటారమ్మా. ఇక్కడ సంతకం చేయండి."

మావారు నాకన్నా ముందు కళ్ళజోడు తీసి చదివి, "సాక్షి సంతకం నేను పెట్టొచ్చా?" అన్నారు. పెట్టారు కూడా.

కొత్త సంకేతపదం పెట్టే ఘట్టం నలభై నిమిషాలు సాగింది. జోగినాథం మమ్మల్ని గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. నలభై ఎనిమిది అక్షరాలు, అంకెలు, చుక్కలు, గీతలు. ఆయన గొణుక్కుంటూ కొట్టాడు, తప్పు పోయింది, మళ్ళీ కొట్టాడు. కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, లక్కముద్ర వేశాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, "ఈ సంకేతపదమును నేను విస్మరించితిని" అని ప్రమాణం చేశాడు.

"నిజంగానే మర్చిపోయారా?" అన్నాను.

"పన్నెండో అక్షరం దాటాక నాకెప్పుడూ గుర్తులేదమ్మా."

మా ఫోన్లలో వైఫై గుర్తు చటుక్కున ఆరిపోయింది. మరి మేమెలా వాడుకోవాలంటే, అధీకృత వినియోగదారుగా దరఖాస్తు పెట్టుకోవాలన్నాడు. అది ఆమోదం పొందితే కవరుతో సిబ్బంది వచ్చి, మేం గోడవైపు తిరిగుండగా మా ఫోన్లలో ఎక్కిస్తారట.

మంగళవారం ఇద్దరం మండలి కార్యాలయానికి వెళ్ళాం. ప్రాంతీయ సంచాలకులు దామోదరం గారు స్వయంగా దర్శనమిచ్చారు. ఆయన బల్ల మీద ఆయన పేరు మూడు చోట్ల రాసుంది. నేను నమస్కారం పెట్టి, శుక్రవారం పరీక్ష సంగతి, ఆరేళ్ళ గడువు సంగతి, అన్నీ చెప్పాను.

"సంతోషం. స్త్రీవిద్య మండలికి ఎంతో ఆనందదాయకం" అన్నారాయన. "మీరు ఏడవ నమూనా దరఖాస్తు సమర్పించండి."

"ఇవ్వండి, ఇక్కడే నింపేస్తాను."

"కాగితాలు నిలిపివేశామమ్మా. దరఖాస్తు ఆన్‌లైన్లో మాత్రమే. అదీ మీ గృహ జాలం నుంచే రావాలి. వేరే జాలం నుంచి వస్తే, ఆ గృహం మీదేనని మండలికి విశ్వాసం ఎలా కలుగుతుంది?"

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. "మా వైఫైలోకి వెళ్ళాలంటే దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు పెట్టాలంటే మా వైఫైలో ఉండాలి. ఇదేం చోద్యమండీ బాబూ!"

"చోద్యం కాదమ్మా, ద్విస్థాయి భద్రత."

"శుక్రవారం పరీక్షండీ నాకు! ఆరేళ్ళ కష్టం!"

"అత్యవసర కోటా ఉంది. పరీక్ష ఉన్నట్టు ధ్రువపత్రం జతపరచాలి."

"అది విశ్వవిద్యాలయం వాళ్ళ సైట్లో ఉంటుందండి. ఇంట్లో వైఫై వస్తే గానీ..."

"తీసుకుని రండి" అన్నారు సంచాలకులు, ఎంతో దయగా.

బయటికి వచ్చాక మావారు, "ఎంత పకడ్బందీగా ఉందో చూశావా, చీమ దూరడానికి కూడా సందు లేదు" అన్నారు. ఆ రోజు కూరలో ఉప్పు వేయలేదు. మర్చిపోయి కాదు.

నెట్ సెంటర్‌కి పోవచ్చు కదా అంటారేమో. పోయాను. తలుపుకి తాళం. ఎవరొస్తారో ముందుగా తెలియని చోట అందరూ అనధికారులే అని మండలి తీర్మానించిందట. ఊళ్ళో మా చుట్టాల ఇళ్ళు మూడున్నాయి. మూడిళ్ళలోనూ పెట్టె బియ్యం డ్రమ్ములోనే ఉంది.

బుధవారం మధ్యాహ్నానికి మా వీధి మొత్తం పూర్తయింది. నూకరత్నం గోడ మీంచి తల ఎత్తి పిలిచింది.

"సత్తేనక్కా! మీది వత్తందేటి?"

"లేదే. మీది?"

"మా ఇంటికీ ఆడే వచ్చాడు. ఎవరెవరికి చెప్పావని అడిగితే నీ పేరే చెప్పానక్కా, ఏటనుకోకు. అప్పటికే రాసేసున్నాడు. సత్తేనమ్మ గారి పేరు ప్రతి ఇంట్లోనూ వత్తందండీ అన్నాడు."

సాయంత్రం మండలి వారు వచ్చి వీధి మొదట్లో ఒక బోర్డు పాతారు: 'సంపూర్ణ సురక్షిత వీధి. అనధికార వినియోగదారులు: సున్నా.' సంచాలకుల వారు రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు. అధీకృత వినియోగదారులు కూడా సున్నాయే. కానీ ఆ గడి వాళ్ళ పట్టికలో లేదు.

చీకటిపడక ముందే నేను పెరట్లో మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఇరవై ఏళ్ళప్పుడు పెళ్ళి పేరుతో ఆగింది, నలభై ఆరేళ్ళప్పుడు డ్రమ్ములో పెట్టెతో ఆగుతోంది. పెళ్ళికైనా పప్పన్నం పెట్టారు. మావారు వచ్చి పక్కన కూర్చున్నారు. జేబులోంచి సర్క్యులరు తీసి, రెండుసార్లు చదివి, మడతపెట్టి, "ఇందులో ఏదో తప్పుందేమో సత్యా" అన్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఒక సర్క్యులర్ని ఆ మాట అనడం అదే మొదలు. కాపురం మీద నాకు మళ్ళీ కాస్త ఆశ పుట్టింది.

గురువారం జోగినాథం పునఃపరిశీలనకి వచ్చాడు. వ్యాను లేదు, నడిచొచ్చాడు. గడ్డం మాసి ఉంది. బియ్యం డ్రమ్ము మూత తీసి, పెట్టెని ఫోటో తీసి, మూత పెట్టి, ఫోను పైకెత్తి హాల్లో అటూ ఇటూ తిరిగాడు. తర్వాత గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా... కాస్త వైఫై ఇస్తారా?"

నేను నవ్వాను. నవ్వొచ్చి కాదు, ఇంకేం చేయాలో తోచక.

"మీరే పెట్టారుగా నాయనా పాస్‌వర్డ్!"

"పెట్టాను. విస్మరించాను కదండీ."

"ఇంతకీ ఎందుకు?"

పాపం, అప్పుడు కక్కాడు. పరిశీలించిన ఇంటి ఫోటో ఆ ఇంట్లోంచే అక్కడికక్కడే పంపాలట. అదే అతని హాజరు కూడా. మా వీధిలో సిగ్నల్ లేదు, వైఫైలన్నీ అతనే మూసేశాడు. "సోమవారం నుంచి నేను డ్యూటీలో లేనట్టే ఉందమ్మా. ఎక్కడికి పోయావని నిన్న సంజాయిషీ నోటీసిచ్చారు. నాలుగు రోజులూ ఈ వీధిలోనే చచ్చానండి!"

నాకు జాలేసింది. కాఫీ ఇచ్చాను, నిన్నటి జంతికలు రెండు పెట్టాను. శుక్రవారం నా సంగతేమిటో కూడా చెప్పాను. జంతిక సగంలో ఆపి, అతను గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆఫీసు వైఫైకి తాళం లేదండి."

"ఏంటీ?"

"మొదట వేశాం. వేశాక, దీనికి యజమాని ఎవరని చూస్తే సంచాలకుల వారే. నియమం ప్రకారం ఆయన్నే మూల ముప్పుగా తేల్చాల్సి వచ్చింది. మూడు రోజులు ఆయన ఫోను మూగబోయింది. నాలుగో రోజు ఆయనే వివరణ జారీ చేశారు. నియమాలు గృహ జాలాలకు మాత్రమే, కార్యాలయం గృహం కాదు, కావున వర్తించవు అని. తాళం తీసేశాం. వరండాలో కూర్చుంటే చక్కగా వస్తుందండి. రేపు నా సంజాయిషీ కూడా అక్కడి నుంచే పంపుకుంటాను."

నా ప్రాణం లేచొచ్చింది. ఈ మాట ఎవరికీ చెప్పొద్దని జోగినాథం చేతులు జోడించి మరీ వెళ్ళాడు. నేను నూకరత్నానికి ఒక్కదానికే చెప్పాను. శుక్రవారం పదింటికల్లా మా వీధి వీధంతా మండలి వరండాలో ఉంది. మండలి వారి అధ్యయనం తప్పని నేనెప్పుడూ అనలేదు.

ఉప్పాడ చీర కట్టుకుని, బల్ల చివర చోటు చూసుకుని కూర్చున్నాను. పాలాయన మనవరాలికి వీడియో కాల్ చేస్తున్నాడు, పంతులు గారు ముహూర్తాలు చూసుకుంటున్నారు, జోగినాథం ఒక మూల సంజాయిషీ రాసుకుంటున్నాడు. మావారు నా ముందు నిలబడి ఫోనుని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. ఫోను కదలకుండా ఉండాలని మోచేతులు పొట్టకి ఆనించుకున్నారు.

పదకొండింటికి తెరమీద ఇద్దరు కనబడ్డారు. ఒకరు తెల్లజుట్టు మేడం గారు, ఇంకొకరు కళ్ళజోడు మాస్టారు. మొదటి రెండు ప్రశ్నలకి ఎలాగో చెప్పాను. మూడోది మేడం గారు అడిగారు.

"లక్ష్య స్థానభ్రంశం అంటే ఏమిటమ్మా?"

"నియమం ఒక పని కోసం పుడుతుందండి. కొన్నాళ్ళకి ఆ పని మర్చిపోయి, నియమాన్ని కాపాడటమే పనిగా పెట్టుకుంటారు. అదండీ."

"బావుంది. ఒక ఉదాహరణ?"

పుస్తకంలో ఉదాహరణ ఉంది. నూరుసార్లు చదివాను. పేజీ కుడివైపా ఎడమవైపా అన్నది కూడా గుర్తుంది. ఉదాహరణ మాత్రం గుర్తు రాలేదు. ఆరేళ్ళూ ఆ ఒక్క క్షణంలో కళ్ళముందు తిరిగాయి. నూకరత్నం పక్కనుంచి "చెప్పక్కా, చెప్పు" అంటోంది. చెప్పడానికేముంది?

సరిగ్గా అప్పుడే సంచాలకుల వారు గదిలోంచి బయటికొచ్చారు. మావారు ఎత్తిపట్టిన ఫోను, అందులో ఇద్దరు పెద్దమనుషులు, చూసి ఆగారు.

"ఎవరు లైన్లో?"

మావారికి అబద్ధం రాదు. "విశ్వవిద్యాలయం వారండి. ప్రభుత్వ పాలన గురించి అడుగుతున్నారు."

దామోదరం గారి భుజాలు వెనక్కి వెళ్ళాయి. జేబులోంచి దువ్వెన తీసి ఒకసారి దువ్వుకుని, నా పక్కన వచ్చి నిలబడ్డారు.

"నమస్కారం. మండలి సాధించిన ప్రగతిని మేధావులు గుర్తించడం ముదావహం. సంపూర్ణ భద్రతకు ప్రధాన అవరోధం వినియోగదారుడే అని మేము కనుగొన్నాము. వినియోగదారుని తొలగించినచో భద్రత దానంతట అదే సిద్ధించును."

మేడం గారు ముందుకు వంగారు. "అయితే ఆ ఇళ్ళల్లో వైఫై ఇప్పుడు ఎవరు వాడుతున్నారండీ?"

"ఎవరూ వాడటం లేదు. అదే మా విజయం."

"మీ వెనక వరండాలో అంతమంది ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు, వాళ్ళెవరు?"

ఆయన వెనక్కి తిరిగి చూశారు. పాలాయన నమస్కారం పెట్టాడు.

"వీరా? వీరు తమ తమ గృహాల్లో అనధికారులు. ఇక్కడ సందర్శకులు."

"ఇక్కడ తాళం లేదా మరి?"

"ఇది గృహం కాదు కదండీ" అన్నారు సంచాలకులు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

కళ్ళజోడు మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మేడం గారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఒక్కసారిగా ధైర్యం వచ్చేసింది. "ఉదాహరణ ఇదేనండీ" అన్నాను. "చాలమ్మా, చాలు" అని వాళ్ళు కాల్ ముగించారు. అభినందనలు అందుకున్నట్టు సంచాలకుల వారు అందరికీ చెయ్యి ఊపి లోపలికి వెళ్ళారు.

పదిహేను రోజులకి మార్కుల కాగితం పోస్టులో వచ్చింది. మావారు కవరు చింపకుండా నా చేతికిచ్చి పక్కన నిలబడ్డారు. విప్పాను. ప్యాస్! మౌఖిక పరీక్షలో యాభైకి నలభై ఎనిమిది! కాగితం పట్టుకుని నేనూ ఆయనా ఇంట్లో పిచ్చివాళ్ళలా తిరిగాం. ఏడ్చాను, నవ్వాను, నూకరత్నాన్ని గోడ మీంచే కౌగిలించుకున్నాను. కాస్త నెమ్మదించాక, ఆ రెండు మార్కులు ఎందుకు పోయాయా అని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాను.

'ఉదాహరణను నాటకంగా ప్రదర్శించిన అభ్యర్థిని ఊహాశక్తి ప్రశంసనీయం. కానీ అధికారి పాత్రధారి మరీ అతి చేశారు. నిజజీవితంలో ఇలా మాట్లాడే అధికారులు ఉండరు. కనుక రెండు మార్కులు తగ్గించడమైనది.'